ఉత్తరాలాయన సొంత ఉత్తరం

మందుల షాపులో దగ్గు మందు కొనుక్కోవడం ఎవరికైనా రెండు నిమిషాల పని. ఉత్తరాలాయనకు మాత్రం అరగంట పట్టేది. అతను నోరు తెరిచి "ఏమండీ" అనగానే షాపతను ఆ గొంతు గుర్తుపట్టి, అటూ ఇటూ చూసి, "ఉండండి సార్, ఈ జనాన్ని పోనివ్వండి" అని పక్కన నిలబెట్టేవాడు. జనమంతా పోయాక బల్ల కిందికి వంగి, అడగని మాత్రలేవో కాగితంలో చుట్టి చేతిలో పెట్టేవాడు. "నాకు దగ్గండీ బాబూ" అని ఇతను మొత్తుకున్నా, "అందరూ అలాగే మొదలుపెడతారు సార్" అనేవాడు. చెప్పుల షాపులో ఇంకా అన్యాయం. "ఇంతకంటే కొంచెం పెద్ద సైజు ఉందా" అని ఒకసారి అడిగిన పాపానికి, షాపు షాపంతా పనులాపి ఇతనివైపు తిరిగింది.

ఇందులో అతను చేసిన తప్పల్లా, పద్నాలుగేళ్లుగా వారానికి మూడు మధ్యాహ్నాలు ఊళ్లోని రేడియోలో మగవాళ్ల ఉత్తరాలు చదవడమే. ఆ కార్యక్రమం పేరు 'సిగ్గు పక్కన పెట్టి'. పడకగది సంగతులు, ఒంటి సంగతులు, ఎవరినీ అడగలేని ప్రేమ సంగతులు జనం రాసి పంపిస్తారు. ఒక విలేకరి వాటిని పట్టుకుని డాక్టర్ల చుట్టూ, లాయర్ల చుట్టూ, పుస్తకాల చుట్టూ తిరిగి జవాబులు తెస్తుంది. స్టేషన్లో అందరూ ఆవిడను మేడమ్ అంటారు. ఆడవాళ్ల ఉత్తరాలు ఆవిడే చదువుకుంటుంది, మగవాళ్లవి ఇతని వంతు. ఊళ్లో మగవాళ్ల కష్టాలన్నీ ఇలా ఒకే గొంతులోంచి రావడంతో, ఒక్క మనిషికి ఇన్ని బాధలా అని నిజంగానే జాలిపడ్డవాళ్లున్నారు. రైల్లో ఒక పెద్దావిడ ఇతని చేతిలో రెండు పళ్లు పెట్టి, "అన్నీ సర్దుకుంటాయి నాయనా, ధైర్యంగా ఉండు" అని కూడా చెప్పింది. పళ్లు బాగున్నాయని తినేశాడు.

నిజానికి అతను ఆ స్టేషన్లో ఎలక్ట్రీషియన్. కార్యక్రమం మొదలైన రోజున ఉత్తరాలు చదవడానికి నాటకాల్లో వేషాలు వేసే ఒకాయన్ని పిలిపించారు. ఆయన మొదటి ఉత్తరంలో మూడో వాక్యం దాకా వచ్చి, మంచినీళ్లు తాగి వస్తానని వెళ్లి, ఇప్పటికీ రాలేదు. ఆ గదిలోనే నిచ్చెన మీద ట్యూబ్‌లైటు మారుస్తున్న ఇతని మీద మేడమ్ కన్ను పడింది.

"అబ్బాయ్, చదవడం వచ్చా?"

"వచ్చు మేడమ్."

"అయితే దిగు."

చేతిలో స్క్రూడ్రైవర్ అలాగే పట్టుకుని కూర్చుని, కరెంటు మీటరు రీడింగ్ చెప్పినట్టు చదివేశాడు. గొంతులో నవ్వు లేదు, బెరుకు లేదు, జాలి అసలే లేదు. మరుసటి వారం ఉత్తరాలు మూడు రెట్లు వచ్చాయి. "మీరు చదువుతుంటే నాకున్నది పాపం కాదు, రిపేరు అనిపించింది" అని ఎవరో రాశారు. మేడమ్ ఆ ఉత్తరాన్ని స్టేషన్ మేనేజరు ముందు పెట్టి, ఇక ఈ అబ్బాయే చదువుతాడని తేల్చి చెప్పింది. జుట్టు సగం నెరిసిన ఈనాటికీ ఆవిడకు ఇతను అబ్బాయే.

మొదటి ఏడాదే ఒక పొరపాటు జరిగింది. ఎడమకాలు కాస్త ఈడ్చి నడిచే బస్సు డ్రైవరు ఒకాయన రాసిన ఉత్తరాన్ని ఇతను ఉన్నదున్నట్టు చదివేశాడు. మర్నాడు బస్సెక్కిన ప్రతివాడూ ఆయన యోగక్షేమాలు అడిగి మరీ దిగాడు. ఆ డ్రైవరు వచ్చి మేడమ్ ముందు కూర్చుని ఏడ్చిన రోజున మైకు పక్క గోడ మీద ఒక పట్టీ వెలిసింది. ఎడమ అని ఉంటే కుడి అని చదవాలి, కుడి అని ఉంటే ఎడమ. అక్క ఉంటే చెల్లెలు, చెల్లెలు ఉంటే అక్క. పొద్దునకు సాయంత్రం, టీచరుకు నర్సు, ఎలక్ట్రీషియనుకు కార్పెంటరు. ఎటునుంచి చూసినా జత జతే. మనుషులు గుర్తుపట్టే ప్రతి సంగతినీ చదువుతూ చదువుతూనే మార్చెయ్యాలి. చదవడం అయ్యాక అసలు ఉత్తరాన్ని అక్కడికక్కడే చింపెయ్యాలి. రేడియోలో వినిపించిన మాటలు మాత్రం టైపు కొట్టి ఫైల్లో పెడతారు, అంటే ఫైల్లో ఉండేవన్నీ మార్చిన సంగతులే.

పట్టీ పెరిగి పెరిగి సగం గోడ ఆక్రమించింది. అదంతా అతని నాలుక్కి పట్టేసింది. ఇంట్లో ఏ ఆహ్వానమైనా అతను చదివి చెబితే పొద్దున జరగాల్సింది సాయంత్రమైపోయేది. అలా రెండు పెళ్లిళ్లకు, భోజనాలు అయిపోయి కుర్చీలు మడతపెడుతున్న వేళకు వెళ్లారు భార్యాభర్తలు. భార్య అక్కగారు ఇంటికొస్తే "మీ చెల్లెలొచ్చింది" అని లోపలికి కేకేసేవాడు. ఆవిడ ఆ పూటంతా మహా సంతోషంగా ఉండేది.

భార్య కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తుంది. గోడ మీది అక్షరాలు చూపించి, "ఇప్పుడు కింది వరుస" అంటూ చదివించడం ఆమె పని. కార్యక్రమం వచ్చే వేళకు ఆమె దుకాణంలో ఉంటుంది కాబట్టి ఒక్కసారి కూడా వినలేదు. "ఆ గొంతు నాకు ఇంట్లో ఊరికే వస్తోంది, రేడియో పెట్టడం దేనికి" అనేది. వచ్చినవాళ్లు గొంతు తగ్గించి, "మీవారికి ఎలా ఉందమ్మా?" అని అడిగితే, "పోయిన వారంవి మూడు తగ్గాయండి, కొత్తవి రెండొచ్చాయి" అని చెప్పి పంపేది.

అలాంటి మనిషికి రెండున్నరేళ్ల కిందట రొమ్ములో గడ్డ కనిపించింది. ఎడమవైపు తీసేశారు. మందులు పడ్డాయి, ఊడిన జుట్టు మళ్లీ వచ్చింది, ఆమె మళ్లీ దుకాణానికి వెళ్లింది, జోకులు కూడా తిరిగొచ్చాయి. ఒక్కటే తిరిగి రాలేదు. ఆపరేషనైన కొత్తలో, నిద్రలో చెయ్యి తగిలితే ఆమెకు నొప్పి పుడుతుందని ఇతను కూతురి గదిలోకి పడక మార్చాడు. కూతురు హాస్టల్లో ఉండి చదువుకుంటోంది, మంచం ఖాళీగానే ఉంది. "నీకు నిద్ర బాగా పడుతుంది" అన్నాడు. "సరే" అంది ఆమె. అంతే, మళ్లీ ఆ మాటెత్తినవాళ్లు లేరు. వంటింట్లో ఒకరి చెయ్యి ఒకరికి తగిలితే ఇరవై రెండేళ్లు కాపురం చేసిన మొగుడూ పెళ్లాలు "సారీ" అనుకునేదాకా వచ్చింది.

పోయినేడాది అతనొక పని చేశాడు. ఒక ఉత్తరం టైపు కొట్టి, ఊరికి అటు చివరనున్న పోస్టుడబ్బాలో వేసి వచ్చాడు. తన సంగతులన్నిటికీ పట్టీలో జతలున్నాయో లేదో చూసుకుని మరీ రాశాడు. వారం తిరక్కుండా మేడమ్ ఆ ఉత్తరం తెచ్చి, ఎవరిదో తెలియకుండానే, అతని ముందు పెట్టింది. అతను మామూలుగానే చదివాడు. ఎలక్ట్రీషియను కార్పెంటరయ్యాడు, కళ్లజోళ్ల దుకాణం గడియారాల దుకాణమైంది, ఎడమ కుడి అయింది. ఆ రోజు మేడమ్ మాత్రం మామూలుగా జవాబు చెప్పలేదు. "ఈ ఉత్తరం తప్పు చిరునామాకి వచ్చిందండీ. ఇది నాది కాదు, ఆమెది. ఇంటికెళ్లి ఆమెకు చదివి వినిపించండి" అని ఊరుకుంది.

ఆ సాయంత్రమే చెబుదామనుకున్నాడు. తర్వాత ఆదివారం అనుకున్నాడు. ఆ ఆదివారం ఎప్పటికీ రాలేదు. ఊరందరి గొంతూ తానైన మనిషికి సొంత గుమ్మంలో గొంతు పెగల్లేదు.

ఇలా ఉండగా 'సిగ్గు పక్కన పెట్టి'కి బహుమతి వచ్చింది. ఇలాంటి విషయాల మీద ధైర్యంగా, మర్యాదగా రాసే పత్రికలవాళ్లకూ రేడియోవాళ్లకూ ఏటా ఇచ్చే బహుమతి అది. స్టేషనంతా గోలగోల చేశారు. మేడమ్ అయితే తిరిగే కుర్చీలో కూర్చునే రెండు చక్కర్లు తిరిగింది. తర్వాత కళ్లద్దాలు పెట్టుకుని మిగతా కాగితం చదివింది.

"అబ్బాయ్, వేదిక మీద ఒక ఉత్తరం చదవాలిట. జడ్జీలే ఎంచారు. ఆ కార్పెంటరు ఉత్తరం ఉందే, భార్యకు ఆపరేషనైన ఆయనది, అది."

అతను కుర్చీలోంచి సగం లేచాడు. "వేరేది చదువుదాం మేడమ్. ఆ నూతన వధూవరులది బాగా నవ్వొస్తుంది."

"సభ కార్యక్రమపత్రం అచ్చయిపోయిందయ్యా. అయినా దానికేం, బంగారం లాంటి ఉత్తరం."

ఇంటికొచ్చి రెండో దారి పట్టాడు. "అదంతా ఉపన్యాసాల గొడవ. నీకు విసుగు. నువ్వెందుకులే" అన్నాడు భార్యతో.

ఆమె అప్పటికే కొత్త జాకెట్టు చేతులు బిగువుగా కుట్టుకుంటూ కూర్చుంది. "ఊరంతా వింది, నేనొక్కదాన్నే వినలేదు. బహుమతి ఇచ్చే రోజైనా విననివ్వండి. అంత బాగా చదువుతారా ఏంటి మీరు?"

ఇక చేసేదేముంది. ఫైల్లోంచి తీసిచ్చిన కాగితంలో కార్పెంటరే ఉన్నాడు, కుడివైపే ఉంది. ఎప్పటిలా మీటరు రీడింగ్ చెప్పినట్టు చదివేస్తే చాలు, ఆమెకు తెలిసే అవకాశమే లేదు. అలా అనుకుంటే ధైర్యంగానూ ఉంది, ఎందుకో దిగులుగానూ ఉంది.

సభ సాయంత్రం ఐదింటికి, లైబ్రరీ మేడ మీది హాల్లో. మూడొందల కుర్చీలూ నిండాయి. అక్కడ ఒక వింత ఏమిటంటే, ఎవరూ గొంతు తగ్గించి మాట్లాడటం లేదు. ముసలితనంలో ప్రేమ గురించి రాసిన పత్రికావిడ తన డెబ్బై ఏళ్ల స్నేహితుణ్ణి చెయ్యి పట్టుకుని అందరికీ పరిచయం చేస్తోంది. కలిసి బతుకుతున్న ఇద్దరు మగవాళ్ల కథ రాసిన కుర్రవిలేకరి వాళ్లిద్దరినీ ముందు వరసలో కూర్చోబెట్టాడు. తండ్రి మెడలో టై సరిగ్గా లేదని వాళ్లలో ఒకాయన కూతురు అక్కడే మందలిస్తోంది. ఉత్తరాలాయన "నమస్కారం" అన్నాడో లేదో, నలుగురు లేచి వచ్చి చేతులు కలిపారు. ఒకతను మాత్రం దగ్గరగా వచ్చి, "నాలుగేళ్ల కింద, గురువారం, మీరు చదివిన రెండో ఉత్తరం. ఇప్పుడు మాకొక పాప" అని చెప్పి, పేరు చెప్పకుండా వెళ్లిపోయాడు. భార్య అన్నీ చూస్తోంది. తన మొగుణ్ణి చూసి జనం జాలిపడటమే ఇన్నాళ్లూ చూసింది, గౌరవించడం మొదటిసారి చూసి ఆమె ముఖం వెలిగింది.

బహుమతులన్నీ అయ్యాక చివరగా వీళ్లను పిలిచారు. మేడమ్ గాజు పలకలాంటి జ్ఞాపికను చంటిబిడ్డలా ఎత్తుకుని పక్కన నిలబడింది. ఉత్తరాలాయన మైకు ముందుకు వచ్చి కాగితం విప్పాడు. పద్నాలుగేళ్ల అలవాటు, నాలుక దాని పని అది చేసుకుపోతుందిలే అనుకున్నాడు.

నాలుక నిజంగానే దాని పని అది చేసుకుపోయింది. కాగితంలో ఉన్నవి ముందే మార్చిన సంగతులని దానికేం తెలుసు. కార్పెంటరు కనిపించగానే జత అందించింది.

"నేను ఎలక్ట్రీషియన్ని" అని చదివాడు. స్టేషన్ వాళ్లు కావాలనే హాస్యమాడాడనుకుని నవ్వారు. అతనికి ఆ నవ్వు దేనికో అర్థం కాలేదు. "నా భార్య కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తుంది." కాగితంలో ఉన్నది గడియారాల దుకాణం. మేడమ్ చటుక్కున తలతిప్పి అతన్ని చూసింది. "కొన్నాళ్ల కిందట ఆమెకు ఎడమవైపు..."

ఎడమ అన్న మాట మైకులోంచి హాలంతా తిరిగి అతని చెవిలోనే పడింది. కళ్ల ముందు కాగితంలో కుడి అని ఉంది. తలెత్తితే రెండో వరసలో భార్య కనిపించింది. ఆమె నవ్వడం లేదు. కదలడం లేదు. కళ్లార్పకుండా చూస్తోంది.

ఆపెయ్యవచ్చు. దగ్గు వచ్చిందనవచ్చు, మిగతాది మేడమ్ చేతికివ్వవచ్చు. అప్పుడు భార్య గడ్డం కొద్దిగా కిందికి దించింది, గోడ మీది అక్షరాల దగ్గర ఆగిపోయినవాళ్లకు కింది వరుస చూపించినట్టు.

అతను కింది వరుస చదివాడు.

"ఎడమవైపు రొమ్ము తీసేశారు. మనిషి బతికింది, అదే చాలనుకున్నాను. చాలలేదు. నొప్పి పుడుతుందని అప్పట్లో వేరే గదిలోకి వెళ్లాను. ఇప్పుడు తిరిగి ఎలా రావాలో తెలియడం లేదు. తలుపు తీసే ఉంటుంది. గుమ్మం దాకా వెళ్లి, మంచినీళ్ల కోసం లేచినట్టు వంటింట్లోకి పోతున్నాను. రోజుకి నాలుగు గ్లాసులు అదనంగా తాగుతున్నాను. నేను జాలితో రావడం లేదు, ఇష్టంతోనే వస్తున్నానని ఆమెకు ఎలా చెప్పాలి?"

గ్లాసుల దగ్గర జనం నవ్వారు. చివరి వాక్యానికి ఎవరూ నవ్వలేదు. మీటరు రీడింగ్ చెప్పే గొంతు ఆ వాక్యంలో మూడుచోట్ల ఆగింది. ఇప్పుడు మేడమ్ జవాబు చదవాలి. ఆవిడ తన చేతిలోని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, "దీనికి జవాబు నేను చెప్పి ఏడాదైంది. ఇక నా పనేం లేదు" అని మైకులో చెప్పి, అతని వీపు మీద చిన్నగా తట్టింది. అదీ కార్యక్రమంలో భాగమే అనుకుని జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

అతను కిందికి దిగేసరికి రెండో వరసలో కుర్చీ ఖాళీగా ఉంది. భోజనాల కోసం లేచిన జనాన్ని తోసుకుంటూ బయటి వరండాలోకి వెళ్లాడు. భార్య కిటికీ దగ్గర నిలబడి ఉంది. బయట ఇంకా వెలుతురు పోలేదు.

"ఆ కాగితంలో ఏముంది?" అంది.

"కార్పెంటరు. గడియారాలు. కుడి."

"అంటే పొరపాటున చెప్పారన్నమాట."

"అవును."

"పొరపాటు చెయ్యకపోతే చెప్పేవారా?"

అబద్ధం చెబుదామనుకున్నాడు. నిజమే చెప్పేశాడు. "చెప్పేవాణ్ని కాదేమో."

"మూడొందల మందికి చదివి వినిపించారు. ఇప్పుడు నాకు చెప్పండి. కాగితం లేకుండా."

చేతుల్లో కాగితం లేకపోతే చేతులెక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు. పక్కనుంచి జనం పళ్లేలు పట్టుకుని పోతున్నారు. ఎవరో "అద్భుతం సార్" అని భుజం తట్టి వెళ్లారు. అతను గొంతు సవరించుకున్నాడు. వచ్చిన గొంతు రేడియో గొంతు కాదు, అతనికే కొత్తగా వినిపించింది.

"నీ పక్కన పడుకోవాలనుంది. నిన్ను ముట్టుకోవాలనుంది. ఆ మచ్చంటే నాకు భయం లేదు. నీకు నొప్పి పుడుతుందనే నా భయం."

ఆమె కళ్లు తుడుచుకుంది. తర్వాత ఏదో తలుచుకుని నవ్వుతున్నట్టు పెదవులు వణికాయి.

"నొప్పి అప్పుడే, ఆరు నెలలకే పోయిందండీ."

"పోయిందా? మరి చెప్పలేదే?"

"మీరు అడగలేదుగా. చూడలేక గది మార్చారనుకున్నాను. రెండేళ్ల నుంచీ లైటు ఆర్పి బట్టలు మార్చుకుంటున్నాను, నాకు నేనే కనబడకుండా."

ఆమె అతని చెయ్యి పట్టుకుని దగ్గరికి తీసుకుంది. కొత్త బట్టల మీద నుంచే, ఎడమవైపు, ఏమీ లేని చోట ఆ అరచేతిని ఆనించి, పైన తన చెయ్యి పెట్టింది. "ఇక్కడ. చూశారా, ఏం కాలేదు" అంది. అతనికి ఆమె గుండె చప్పుడు ఇదివరకటికంటే దగ్గరగా తెలిసింది. అక్కడే, పళ్లేలు పట్టుకున్న జనం మధ్యలో, ఏడ్చేశాడు.

హాలు తలుపు తోసుకుని మేడమ్ వచ్చింది. "అబ్బాయ్, ఫొటో తీస్తున్నారు, రావాలి" అంటూ వచ్చి, ఇద్దరినీ చూసి ఆగిపోయింది.

భార్య చెయ్యి తియ్యకుండానే చెప్పింది. "మీరు తీయించుకోండి మేడమ్. మాకు ఇంటి దగ్గర పనుంది."

మేడమ్ జ్ఞాపికను చంకలో పెట్టుకుని, రెండు చేతులతోనూ వాళ్లకు మెట్లు చూపించింది. ఇద్దరూ భోజనం చెయ్యకుండానే కిందికి దిగి, కనిపించిన మొదటి ట్యాక్సీని ఆపి ఎక్కారు.